బూర చూసి కాదు, గాడి చూసి ఎంచుకోండి: తొలినాటి రికార్డింగు యంత్రాల్లో మీకు నప్పేది ఏది?

1889లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లినవాళ్లు యంత్రాల మండపంలో ఎడిసన్ ఫోనోగ్రాఫుల ముందు బారులు తీరారు. చెవుల్లో రబ్బరు గొట్టాలు పెట్టుకుని, మైనంలోంచి వస్తున్న మాటలూ పాటలూ విన్నారు. దానికి పోటీగా చార్లెస్ సమ్నర్ టెయింటర్ తెచ్చిన గ్రాఫోఫోను అనే రికార్డింగు యంత్రం కూడా అదే ప్రదర్శనలో ఉంది. అంతకు పదకొండేళ్ల ముందు, 1878 పారిస్ ప్రదర్శనలో, ఎడిసన్ తగరపు రేకు యంత్రం మాట్లాడి జనాన్ని నోరెళ్లబెట్టించింది. ఈ రెండింటికీ మధ్య, 1888 మే 16న, ఎమిల్ బెర్లినర్ తన పళ్లెం రికార్డును ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో వినిపించాడు. కొద్దికాలానికే అది జర్మనీలో పిల్లల ఆటబొమ్మగా అంగళ్లకెక్కింది.

పన్నెండేళ్లలో నాలుగు పద్ధతులన్నమాట. స్కూల్లో సైన్స్ ప్రదర్శనకో, చిన్న మ్యూజియానికో, ఇంట్లో సరదాకో వీటిలో ఒకటి చేయించుకోవాలనో కొనాలనో అనుకునేవాళ్లు మొట్టమొదట చూసేది బూర. ఇత్తడి మెరుస్తుంటే చాలు, బేరం కుదిరిపోతుంది. అక్కడే దెబ్బ తింటారు. 1889లో పారిస్‌లో విన్నవాళ్లలో చాలామంది చెవిగొట్టాలతో విన్నారే తప్ప పూవులా విచ్చుకున్న పెద్ద బూరతో కాదు. మీరు సొంతంగా రికార్డు చేయగలరా, చేసింది ఎన్నిసార్లు వినగలరు, మాట ఎంత స్పష్టంగా వస్తుంది అనే మూడింటినీ తేల్చేది గాడి, అంటే శబ్దం పడే సన్నటి కాలువ. అది దేని మీద పడింది, నొక్కితే పడిందా కోస్తే పడిందా, పైకీ కిందికీ ఊగుతుందా పక్కలకు ఊగుతుందా అన్నది చూడాలి.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తాం. పిల్లల చేత మాట్లాడించి అక్కడికక్కడే వినిపించాలంటే తగరపు రేకు యంత్రం. వినదగ్గ రికార్డింగు మీరే చేయాలంటే మైనపు సిలిండరు. పాత తెలుగు పద్యాలూ పాటలూ వినడమే పనైతే ప్లేటు రికార్డు. తొలినాటి గ్రాఫోఫోను మ్యూజియం అద్దాల పెట్టెకు తప్ప మరెవరికీ పనికిరాదు.

తగరపు రేకు: చేయించుకోవడానికి ఇదే

ఎడిసన్ దగ్గర పనిచేసిన జాన్ క్రూసీ 1877 చివర్లో తయారుచేసిన యంత్రం ఇది. 1878 ఫిబ్రవరి 19న దీనికి పేటెంటు వచ్చింది. ఇత్తడి డ్రమ్ము చుట్టూ అంగుళానికి 10 చుట్ల చొప్పున మర తిరిగిన గాడి ఉంటుంది. దాని మీద తగరపు రేకు చుడతారు. గాడి మీద రేకు కింద ఆధారం లేకుండా, డప్పు చర్మంలా నిలుస్తుంది. మాట్లాడితే నోటి ముందుండే పల్చటి పొర ఊగుతుంది, పొరకున్న సూది రేకును గాడిలోకి నొక్కుతుంది. ఇక్కడ కోత లేదు, నొక్కుడే. అదే దీని బలం, అదే బలహీనత. ఒక్క రేకు మార్చితే మళ్లీ కొత్త రికార్డింగు చేసుకోవచ్చు. కానీ చేసిన దాన్ని నాలుగైదు సార్లు వింటే సూది ఆ నొక్కుల్ని చదును చేసేస్తుంది. రేకు ఒకసారి విప్పితే మళ్లీ అదే వరసలో ఎక్కించడం దాదాపు అసాధ్యం.

చేయించాలంటే మీ ఊళ్లో లేతు షాపు చాలు. 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నైలాన్ కడ్డీ గానీ, బాగా ఎండిన టేకు దుంగ గానీ తీసుకోండి. చేతికందుతుంది కదా అని డ్రైనేజీ పీవీసీ పైపు తెస్తారు చాలామంది. అది చూడటానికి గుండ్రంగా ఉన్నా నిజానికి కొంచెం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. సూది ఒక పక్క లోతుగా దిగుతుంది, ఎదుటి పక్క రేకుకు ఆనీ ఆననట్టు పోతుంది. విన్నప్పుడు గొంతు చుట్టుకొక్కసారి పెరిగి తగ్గుతూ, ఊయలలో కూర్చుని మాట్లాడినట్టుంటుంది.

ఇరుసుకు ఎం20 మర కడ్డీ వాడండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ఎం20 కడ్డీ మర 2.5 మిల్లీమీటర్లు, అంటే ఎడిసన్ పెట్టిన అంగుళానికి 10 చుట్లకు దగ్గర్లో ఉంటుంది. ఒక స్తంభంలో నట్టు బిగిస్తే, హ్యాండిలు తిప్పినకొద్దీ డ్రమ్ము పక్కకు జరుగుతుంది, సూది ఉన్నచోటే ఉంటుంది. డ్రమ్ము మీద గాడి ఉన్న భాగం 120 మిల్లీమీటర్లయితే 48 చుట్లు వస్తాయి. సెకనుకు ఒక చుట్టు తిప్పితే 48 సెకన్ల రికార్డింగు. పిల్లలకు అది ఎక్కువే.

ఇక్కడ ఒక్క మాట లేతు మేస్త్రికి రెండుసార్లు చెప్పాలి. డ్రమ్ము మీద గాడి కూడా కచ్చితంగా 2.5 మిల్లీమీటర్ల మరే కావాలి. "అంగుళానికి 10 కోయండి" అంటే ఆయన 2.54 కోస్తాడు. తేడా చుట్టుకు 0.04 మిల్లీమీటరే. కానీ 48 చుట్లు తిరిగేసరికి అది దాదాపు 2 మిల్లీమీటర్లవుతుంది. గాడి వెడల్పు 1 మిల్లీమీటరు. సూది మొదట్లో గాడి మధ్యలో ఉన్నా, పది పన్నెండు చుట్లయ్యేసరికి గాడి అంచెక్కి, అక్కడి నుంచి గట్టు మీద నడుస్తుంది. గట్టు మీద రేకు కింద ఖాళీ లేదు, నొక్కు పడదు. "సగం దాకా బాగానే వచ్చింది, తర్వాత ఏమీ వినపడలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. మరొకటి: మొదటి పరీక్ష రేకు లేకుండా చేయండి. సూదిని గాడికి తాకీ తాకనట్టు పెట్టి చివరిదాకా తిప్పండి. సూది మధ్యలోనే ఉందని కళ్లతో చూశాకే రేకు చుట్టండి.

రేకు విషయంలో తగరం మెత్తన, పడిన నొక్కు పడినట్టే ఉంటుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌కు స్ప్రింగు గుణం ఎక్కువ, పైగా మామూలు చుట్ట మరీ పల్చన. చిరుగుతుంది. అదే వాడాల్సి వస్తే షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే మందమైనది అడగండి. రేకు రెండంచులు ఒకదాని మీద ఒకటి పడే చోట సూది మెట్టు దిగేలా ఉండాలి, ఎక్కేలా కాదు. ఎక్కితే ఆ చోట చిరుగు ఖాయం. దిగితే చుట్టుకొక "టక్" వినిపిస్తుంది, అంతే. దాన్ని భరించాల్సిందే.

సూది మొన గుండ్రంగా, అర మిల్లీమీటరు ఉండేలా సాన పట్టండి. వాడి సూది రేకును కోస్తుంది. పొరకు 50 మిల్లీమీటర్ల వ్యాసంలో పల్చటి ఇత్తడి రేకు గానీ అభ్రకం గానీ సరిపోతుంది. ఎడిసన్ మొదటి యంత్రంలో మాట్లాడటానికి ఒక పొర, వినడానికి ఇంకొకటి వేర్వేరుగా ఉండేవి. ఆ తెలివి మీరూ వాడండి: వినే పొర తేలిగ్గా ఉండాలి, సూది నొక్కుడు తక్కువుండాలి, ముందు కాగితంతో చిన్న శంకువు అంటించాలి. హ్యాండిలుకు అవతలి చివర రెండు కిలోలకు తగ్గని ఇనుప చక్రం పెట్టకపోతే చెయ్యి వణుకంతా గొంతులోకి వస్తుంది.

మాట్లాడేటప్పుడు నోరు పొరకు దాదాపు ఆనించి, గట్టిగా అరవాలి. "అమ్మా", "ఓ రామా", "రారా" లాంటివి చక్కగా పడతాయి. "సీసా", "శేషు" అంటే మధ్యలో గాలి తప్ప ఏమీ మిగలదు, సకారాల పౌనఃపున్యాలను ఈ రేకు పట్టలేదు. ఏం మాట్లాడారో ముందే తెలిసినవాళ్లకు స్పష్టంగా, తెలియనివాళ్లకు గొణుగుడులా వినిపిస్తుంది. ప్రదర్శనలో ఇదే కిటుకు: మాట ముందే అందరి ముందూ గట్టిగా చెప్పించి, తర్వాత వినిపించండి. 1878లోనూ అందరూ చేసింది అదే.

లేతు పని కుదరనివాళ్లకు జపాన్ కంపెనీ గక్కెన్ అమ్మిన కిట్లు ఉన్నాయి. ఒకటి ప్లాస్టిక్ కప్పు మీద ఎడిసన్ పద్ధతిలో, ఇంకొకటి పాత సీడీ మీద బెర్లినర్ పద్ధతిలో గాడి గీస్తాయి. పని నడుస్తుంది. కానీ తగరపు రేకు అనుభవం అది కాదు.

గ్రాఫోఫోను: గొప్ప ఆలోచన, చెడ్డ కొనుగోలు

అలెగ్జాండర్ గ్రాహం బెల్, చిచెస్టర్ బెల్, టెయింటర్ వాషింగ్టన్‌లోని వోల్టా ప్రయోగశాలలో కనిపెట్టింది ఒక్కటే, కానీ అదే అన్నిటికీ మూలం: శబ్దాన్ని నొక్కకూడదు, కోయాలి. 1886 మే 4న వచ్చిన పేటెంట్ల సారం ఇదే. అట్ట గొట్టం మీద ఓజోకెరైట్ అనే భూమైనం పల్చగా పూస్తారు. సిలిండరు పొడవు 6 అంగుళాలు, వ్యాసం 1 5/16 అంగుళాలు, అంగుళానికి 160 చుట్లు. నడిపేది కుట్టుమిషను లాంటి కాలి తొక్కుడు.

లెక్క వేయండి. 6 అంగుళాల్లో 960 చుట్లు. నిమిషానికి 160 తిరిగితే ఆరు నిమిషాలు. ఆ రోజుల్లో ఆఫీసు గుమాస్తాకు ఉత్తరం చెప్పి రాయించుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ సిలిండరు సన్నం కాబట్టి ఒక్కో చుట్టుకు సూది కింద నడిచే గాడి పొడవు తక్కువ. అదే వేగంతో తిరిగే ఎడిసన్ సిలిండరుతో పోలిస్తే దాదాపు 60 శాతమే. చుట్లు కూడా దగ్గర దగ్గర. అందుకే శబ్దం సన్నగా, చెవిగొట్టం లేనిదే వినపడనంత చిన్నగా ఉంటుంది. మైనం పల్చటి పూత కాబట్టి చెక్కేసి మళ్లీ వాడే వీలు లేదు. ఒకసారి వాడితే పారేయడమే.

పైగా గ్రాఫోఫోను సిలిండరు ఎడిసన్ యంత్రంలో ఎక్కదు, ఎడిసన్‌ది ఇందులో ఎక్కదు. 1888లో జెస్సీ లిపిన్‌కాట్ అనే వ్యాపారి రెండు కంపెనీల హక్కులూ తన చేతిలోకి తెచ్చుకుని, యంత్రాల్ని అమ్మకుండా అద్దెకివ్వాలని చూశాడు. ఆఫీసులు అంతగా మొగ్గలేదు. ఈ రెండు రకాలూ పక్కపక్కన పెట్టి "ఏది ఎందుకు గెలిచింది" అని చూపాలనుకునే మ్యూజియానికి గ్రాఫోఫోను బంగారం. మిగతావాళ్లు దీని జోలికి పోకండి. సరిపడే ఖాళీ సిలిండర్లు దొరకవు, పాతవాటి పూత పెళుసెక్కి రాలిపోతుంటుంది. కొలంబియా పేరుతో 1890ల చివర్లో వచ్చిన "గ్రాఫోఫోన్లు" వేరే సంగతి. అవి పేరుకే గ్రాఫోఫోన్లు, ఆడేది ఎడిసన్ సైజు మైనపు సిలిండర్లే. ఆ రకమైతే కిందిమాటలు చాలావరకు వాటికీ వర్తిస్తాయి.

ఎడిసన్ మైనపు సిలిండరు: రికార్డు చేసేవాళ్ల యంత్రం

ప్రత్యర్థులు కోత పద్ధతి పట్టుకొచ్చాక ఎడిసన్ మళ్లీ ఈ పనిలోకి దిగాడు. 1888 జూన్‌లో మెరుగుపరిచిన ఫోనోగ్రాఫు బయటికొచ్చింది, మరుసటి ఏడాది పారిస్‌లో జనం చూసింది దాన్నే. అసలు మెరుగుదల పూత తీసేసి సిలిండరు మొత్తాన్నీ మైనంతోనే పోతపోయడం. పొడవు సుమారు నాలుగుంపావు అంగుళాలు, వ్యాసం సుమారు రెండుంపావు, అంగుళానికి 100 చుట్లు. మందంగా ఉంది కాబట్టి పైపొర చెక్కేసి మళ్లీ మళ్లీ రికార్డు చేయవచ్చు. వీటిని మైనం అంటున్నాం గానీ, తేనెపట్టుకూ దీనికీ సంబంధం లేదు. ఇది స్టియరిక్ ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో, అల్యూమినియంతో ఉడికించి చేసే ఒక రకం గట్టి సబ్బు. ఇంట్లో వండే ప్రయత్నం చేయకండి. వేడి కాస్టిక్ సోడా పొంగితే కళ్లు పోతాయి. విదేశాల్లో కొందరు ఇప్పటికీ కొత్త ఖాళీ సిలిండర్లు పోతపోసి అమ్ముతున్నారు, తెప్పించుకోండి.

1889 నాటి ఎడిసన్ యంత్రం బ్యాటరీతో నడిచే బరువైన వస్తువు, అరుదు. రికార్డు చేయడమే మీ పనైతే దాన్ని వెతక్కండి. అదే గాడి, అదే సిలిండరు ఆడే స్ప్రింగు యంత్రాలు 1890ల చివర్లో వచ్చాయి: హోమ్, స్టాండర్డ్, జెమ్. జెమ్ చిన్నది, బొమ్మలాంటిది. మా సలహా స్టాండర్డ్. విడిభాగాలు ఎక్కువగా దొరికేదీ, లోపల అర్థమయ్యేదీ ఇదే. తొలి నమూనాల్లో చెక్కే కత్తి యంత్రానికే బిగించి వచ్చింది. అది ఉందా లేదా చూడండి. రికార్డరు అని పిలిచే కోత తల, వినే తల రెండూ ఉన్నాయా అన్నది అంతకంటే ముఖ్యం. కోత తల లేని యంత్రం మీకు సగం యంత్రం.

కొనేముందు ఏం పరీక్షించాలో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం కంటే నిర్లక్ష్యం వల్ల పాడైనవే ఎక్కువ. ముందు కీ ఇచ్చి వదలండి. మధ్యలో "ధబ్" మని ఒక్క కుదుపు వస్తే స్ప్రింగు డబ్బాలో గ్రీజు రాయిలా గట్టిపడిందని అర్థం. బాగుచేయించవచ్చు. మీరే ఆ డబ్బా విప్పకండి, చుట్టుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విచ్చుకుంటే వేళ్లు తెగుతాయి. తర్వాత వేగం. సిలిండరు ఎక్కే ఇరుసు అంచున కాగితం ముక్క అంటించి 15 సెకన్లు లెక్కపెట్టండి. 40 చుట్లు వస్తే నిమిషానికి 160, అది 1902 తర్వాతి పోత సిలిండర్ల వేగం. వేగం సర్దే మరను తిప్పినప్పుడు వేగం సాఫీగా మారాలి. కీచుమంటుంటే వేగాన్ని అదుపు చేసే గవర్నరులోని తోలుముక్క ఎండిపోయింది, కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. తోలు బెల్టు వదులైతే ఆట మధ్యలో గొంతు బరువెక్కి కిందికి జారుతుంది.

తల పక్కకు నడిచేది మర కడ్డీ మీద. కడ్డీని పట్టుకునే సగం నట్టు పళ్లు భూతద్దంలో చూడండి. అరిగితే ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది, లేదా కొన్ని చుట్లు దాటేస్తుంది. జనం సిలిండరు పాడైందనుకుంటారు, అసలు దొంగ ఈ నట్టు. ఇక వినే తల: పొర చుట్టూ రబ్బరు వలయాలు ఉంటాయి. గోరుతో నొక్కండి, గోరు గుర్తు పడకపోతే రబ్బరు గట్టిపడింది. అలాంటి తల ఎంత గొప్పదైనా డబ్బాలో రాళ్లు వేసినట్టు పలుకుతుంది. వలయాలు మార్చితే అదే తల గొంతు మారిపోతుంది. నీలం రాయి సూది చిట్లితే ప్రతి సిలిండరునూ ఉలిలా గీకేస్తుంది. ఇది అరువు భూతద్దంతోనైనా చూడకుండా కొనకండి.

ఇంకొక ఉచ్చు. 1908 నుంచి అంగుళానికి 200 చుట్లున్న నాలుగు నిమిషాల సిలిండర్లు వచ్చాయి. సీ మోడల్ తల రెండు నిమిషాల వాటికి, హెచ్ మోడల్ నాలుగు నిమిషాల వాటికి. రెండు నిమిషాల లావు సూదిని నాలుగు నిమిషాల మైనం మీద పెడితే ఒక్క ఆటలో గాడి నాశనం. నీలిరంగు సెల్యులాయిడ్ సిలిండర్లు 1912 నుంచి వచ్చాయి, గట్టివే. కానీ లోపలి ప్లాస్టర్ తేమకు ఉబ్బి ఇరుసు మీద బిగుసుకుంటుంది. బలంగా లాగితే చీలుతుంది.

రికార్డు చేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. ఖాళీ సిలిండరు ఎక్కించి చెక్కండి. మొదటి చెక్కుడులో తొలగేది దుమ్మూ గీతలూ, రెండో చెక్కుడు తర్వాతే అద్దంలాంటి మెరుపు వస్తుంది. తురుమును గుడ్డతో తుడవకండి, మెత్తటి కుంచెతో ఊదినట్టు తీయండి. చెక్కాక వేలు తగిలితే వేలిముద్ర "ఖర్ర్" మని వినిపిస్తుంది. బూర సన్నగా, పొడుగ్గా ఉన్న శంకువై ఉండాలి. మాట్లాడేవారి నోరు రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి. కోత తల దించగానే లేచే తురుము వెంట్రుకలా సన్నగా రావాలి. పొడిలా చిందితే మైనం చల్లగా ఉంది, లేదా కత్తి మొద్దుబారింది. పాడేవారు పైస్థాయిలో బూర నుంచి కొంచెం వెనక్కు జరగాలి, లేకపోతే పొర విదిలించుకుని ఆ చోట గరగర పడుతుంది. 100 చుట్ల చొప్పున నాలుగంగుళాలు వాడితే 400 చుట్లు. నిమిషానికి 160 చుట్లయితే రెండున్నర నిమిషాలు. మాటలకు వేగం తగ్గించి సమయం పెంచుకోవచ్చు, పాటకు తగ్గించకండి.

ఈ యంత్రం సత్తా ఏమిటో చూడాలంటే ప్రపంచ ప్రదర్శనల్లోనే చూడాలి. 1893లో చికాగో ప్రదర్శనకు జావా, సమోవా, టర్కీల నుంచి వచ్చిన గాయకుల్నీ, కెనడా పడమటి తీరం నుంచి వచ్చిన క్వాక్వాక్యవాక్ ఆదివాసీ పాటగాళ్లనూ బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ అనే పరిశోధకుడు దాదాపు వంద మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. ఆ పని పళ్లెం రికార్డుతో చేయలేడు. ఎందుకో కింద చూడండి.

పళ్లెం రికార్డు: వినేవాళ్ల యంత్రం

బెర్లినర్ గాడి పైకీ కిందికీ కాకుండా పక్కలకు ఊగుతుంది. ఆయన జింకు పళ్లేనికి తేనెమైనం పల్చగా పట్టించి, సూదితో ఆ పొరను గీకి, క్రోమిక్ ఆమ్లంలో ముంచేవాడు. గీకిన చోట ఆమ్లం జింకును తినేసి గాడి చేసేది. దాని మీద లోహపు పూత పోసి అచ్చు తీస్తే, ఆ అచ్చుతో ఎన్ని కాపీలైనా ఒత్తవచ్చు. సిలిండరు పక్షం వాళ్లకు అప్పటికి ఈ సౌకర్యం లేదు. 1902లో పోత సిలిండర్లు వచ్చేదాకా చాలా సిలిండర్ల కోసం గాయకుడు అదే పాటను మళ్లీ మళ్లీ పాడాల్సి వచ్చేది. కానీ పళ్లెం రికార్డు చేసే ఉపకరణం ఇంట్లో ఉండదు. ఆమ్లపు తొట్టీ, ఒత్తే యంత్రం కావాలి. క్రోమిక్ ఆమ్లం క్యాన్సర్ కారకం, స్కూలు ప్రయోగంగా దాన్ని ఎవరూ తలపెట్టకూడదు.

శబ్దంలో సిలిండరుదే పైచేయి అంటే కొందరు ఒప్పుకోరు. లెక్క చూద్దాం. 7 అంగుళాల బెర్లినర్ పళ్లెం నిమిషానికి 70 తిరిగితే, అంచు దగ్గర సూది కింద సెకనుకు దాదాపు 65 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది. లోపలికి వచ్చి వ్యాసం 3 అంగుళాలయ్యేసరికి అది 28కి పడిపోతుంది. పాట చివర్లో గొంతు మసకబారేది అందుకే. సిలిండరు మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం. అయినా మార్కెట్ పళ్లేనిదే అయింది, కాపీలు చవగ్గా ఒత్తగలగడం వల్ల. 1890ల చివర్లో గట్టి రబ్బరు పోయి లక్క వచ్చాక ఆ లక్కలో ఎక్కువభాగం మన దేశపు అడవుల నుంచే వెళ్లింది. 1908లో కలకత్తాలో రికార్డులు ఒత్తే ఫ్యాక్టరీ వచ్చింది. తెలుగు రంగస్థల పద్యాలు ఇంటింటికీ చేరింది ఈ లక్క ప్లేట్ల మీదే, సిలిండర్ల మీద కాదు. మీ తాతగారి పెట్టెలో పద్యాల రికార్డులుంటే వేరే ఆలోచనే వద్దు, ప్లేటు యంత్రమే కొనండి.

కొనేది 78 వేగంతో తిరిగే తర్వాతి కాలపు గ్రామఫోను కావాలి, 1889 బొమ్మ కాదు. ఇక్కడే ఇత్తడి బూరల మోసం. పాత సామాన్ల బజార్లలో మెరిసిపోతూ కనిపించే చాలావాటిలో బూర కొత్తది, పెట్టె కొత్తది, కుక్క బొమ్మ బిళ్ల కొత్తది. లోపల మాత్రం పాడైన పోర్టబుల్ యంత్రం మోటారు. పట్టుకోవడం తేలిక. బూర తీసేయమనండి. పెట్టె మూత తెరిపించి మోటారు బిగించిన పలక చూడండి, పాత రంధ్రాలు పూడ్చి కొత్తవి వేసి ఉంటే అసలైంది కాదు. బూరకు ఆధారమిచ్చే వెనకచేయి పోత గరుకుగా, రంపపు గీతలతో ఉంటే కూడా అంతే. నిండా కీ ఇచ్చి ఒక రికార్డు చివరిదాకా వినండి, ఆఖరి అర నిమిషంలో శ్రుతి దిగకూడదు. ఉక్కు సూది ఒక పక్కకు ఒకటి. "ఇంకోసారి పనికొస్తుందిలే" అని వదిలితే అరిగిన సూది అంచులు గాడి గోడల్ని గొరిగేస్తాయి. తొలినాటి బెర్లినర్ 7 అంగుళాల పళ్లెం చేతికొస్తే ఈ బరువైన సౌండ్ బాక్స్ (సూదీ పొరా ఉండే తల) కింద మాత్రం పెట్టకండి.

1889 అని చీటీ రాసి పెట్టే ప్రదర్శనకు పూవు ఆకారపు పెద్ద ఇత్తడి బూర గ్రామఫోను పెట్టడం తప్పు. ఆ రూపం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకానిది. చెవిగొట్టాలతో సిలిండరు యంత్రం పెట్టండి.

గాడే లేనిదీ ఒకటుంది

1900 పారిస్ ప్రదర్శనలో డెన్మార్క్ ఇంజనీరు వాల్డెమార్ పౌల్సెన్ టెలిగ్రాఫోను చూపించాడు. ఉక్కు తీగ మీద అయస్కాంతంతో రికార్డింగు. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ అక్కడ మాట్లాడిన మాటలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ రకం కొనే ఆలోచన వద్దు, దొరకదు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన కాలేజీ విద్యార్థులు పియానో తీగతో, చిన్న విద్యుదయస్కాంతంతో దీని నమూనా చేయగలరు. మీ ప్రదర్శనలో గాడి యంత్రాల పక్కన ఇది పెడితే పోలిక బాగా తెలుస్తుంది.

మీ దగ్గరున్నది ఆడించేదా, దాచేదా?

ఇంట్లో అనుకోకుండా పాత సొంత రికార్డింగు సిలిండరు దొరికితే యంత్రం కొనడం గురించి కాదు, దాన్ని ఆడించకుండా ఉండటం గురించి ఆలోచించండి. 1878 జూన్‌లో సెయింట్ లూయిస్‌లో రికార్డు చేసిన 78 సెకన్ల తగరపు రేకును 2012లో సూది తాకించకుండా కాంతితో స్కాన్ చేసి వినిపించారు. వోల్టా ప్రయోగశాల 1881లో దాచిన రికార్డింగునూ 2011లో అలాగే విన్నారు. పోత సిలిండర్ల పాటలు వినడమే కోరికైతే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా సిలిండరు భాండాగారంలో పదివేలకు పైగా ఉచితంగా వినవచ్చు. మీ పెట్టెలోది ఒక్కటే కాపీ.

దాచేటప్పుడు సిలిండరును నిలువుగా నిలబెట్టండి, పడుకోబెడితే కొన్నేళ్లకు వంగుతుంది. పట్టుకునేటప్పుడు రెండు వేళ్లు లోపలికి పెట్టి విప్పి ఎత్తండి, బయటి వైపు తాకకండి. ఏసీ గదిలోంచి ఎండలోకి, ఎండలోంచి ఏసీలోకి హఠాత్తుగా తేకండి, పగులుతుంది. ఆడించాక ఇరుసు మీదే వదిలేస్తే రాత్రి చల్లబడి కుంచించుకుని అక్కడే చిట్లుతుంది. మన వానాకాలంలో అసలు శత్రువు బూజు. అది మైనాన్ని తినేసి గుంటలు చేస్తుంది. పాత దూది పెట్టె తేమ పీలుస్తుంది కాబట్టి తీసేసి, ఆమ్లం లేని కాగితం పెట్టి, పక్కన సిలికా జెల్ సంచి ఉంచి నెలకోసారి మార్చండి. బూజు పట్టినదాన్ని తడిగుడ్డతో తుడవకండి, ఆడించకండి. సూది కింద పడితే ఆ బూజు గాడిలోకి ఇంకా దిగుతుంది.